ఖజానాకు న్యాయము చెప్పువారు

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రములోని తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాని చుట్టును చాలవరకు ఆంధ్రదేశపు పొలిమేరలే. కచేరీ వ్రాతకోతలు కన్నడమున జరుగుచుండగా, మన యిండ్లలో తెలుగు మాట తరతరములుగా నిలిచియున్నది. వేరుసెనగ మన మెట్టచేలకు ప్రాణము. ఆ కాయ చేను విడిచి నూనె మిల్లునకును, నూనెయై అంగడికిని చేరులోపల పన్ను దానిని ఎచ్చట తాకవచ్చును, ఎచ్చట తాకరాదు? ప్రశ్న చిన్నదే. అయినను దీనికొరకే ఒక తెలుగు వర్తకుల వ్యాజ్యము ఢిల్లీ నగరములోని ఫెడరల్ కోర్టు వఱకు నడచినది. పన్ను వసూలు చేయువారిని అందఱు నెఱుగుదురు. ఆ పన్ను చట్టసమ్మతమా కాదా యని ప్రభుత్వమునకు చెప్పు న్యాయాధికారుల నెఱిగినవారు అరుదు. వారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

పూర్వము పన్ను విధించువాడును, దానిపై తగవు తీర్చువాడును ఒక్కడే. మద్రాసులో రెవిన్యూ బోర్డు 1786లో నేర్పడెను. 1793లో కారన్‌వాలిసు ప్రభువు బంగాళములో కలెక్టరునుండి న్యాయవిచారణాధికారమును వేఱు చేసి, కలెక్టరు చేసిన పనిపై సయితము ప్రజలు న్యాయస్థానమున దావా వేయవచ్చునని శాసించెను. 1802లో ఆ పద్ధతి మద్రాసు రాజధానికిని వచ్చెను. మన పొరుగుననున్న దత్తమండలములలో 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో ఈ విభజనను మెచ్చలేదు. 1816 నాటి శాసనములతో కలెక్టరునకు కొన్ని అధికారములు మరల వచ్చెను. అయినను ఖజానా సయితము న్యాయస్థానమునకు బదులు చెప్పవలెనను భావము నిలిచిపోయినది. బదులు చెప్పవలసి వచ్చినప్పుడు, చెప్ప నేర్చినవాడు సర్కారునకు కావలసెను గదా.

ఇక మన కథ. 1937లో మద్రాసున రాజాజీ మంత్రివర్గ మేర్పడి, ఆ సంవత్సరమే సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింప జేసెను. మద్యముమీది రాబడి తగ్గెను. ఆ లోటు పూడ్చుటకై 1939లో సామాన్య అమ్మకపు పన్ను చట్టము చేయబడెను. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ప్రకారము అమ్మకముపై పన్ను రాష్ట్రమునకును, ఉత్పత్తిపై ఎక్సైజు సుంకము కేంద్రమునకును చెందును. నూనె తీసిన మిల్లువారే దానిని మొదట అమ్మినచో, ఆ తొలి అమ్మకముపై వేసినది అమ్మకపు పన్నా, ఎక్సైజు సుంకమా? బొడ్డు పైడన్న అండ్ సన్స్ అను వర్తకులు ఇది సుంకమే, రాష్ట్రమునకు హక్కు లేదని వాదించిరి. 1942లో ఫెడరల్ కోర్టు రాష్ట్రపక్షమున తీర్పు చెప్పెను. సుంకము పుట్టుట వస్తువు తయారగుటతో. పన్ను పుట్టుట అది అమ్ముడగుటతో. తయారైన సరకును యజమాని తానే వాడుకొన్నచో సుంకము పడవచ్చును గాని అమ్మకపు పన్ను పడదు. 1945లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, మఱియొక వ్యాజ్యమున, ఈ భావమునే బలపఱచెను.

అప్పటి మద్రాసు అడ్వొకేట్ జనరల్ సర్ అల్లాడి కృష్ణస్వామయ్యగారు. నెల్లూరు జిల్లా పుదూరులో 1883లో పురోహితుని యింట జన్మించి, 1929 మొదలు 1944 వఱకు ఆ పదవిని నిర్వహించిరి. పిమ్మట 1947లో రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యులైరి.

అయితే కోర్టులో వాదించు ప్రముఖుని వెనుక కచేరీలోని న్యాయవిభాగ మొకటి యుండును. గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందిన మాకు దాని విలువ తెలియును. నోటీసు ఏ సెక్షను క్రింద పోయినది, గడువు మిగిలియున్నదా, ఇట్టి సంగతిలో పూర్వపు తీర్పేమి, ఖాతాలు సాక్ష్యమునకు నిలుచునా—ఇవన్నియు ఫైలులో తేలిన పిమ్మటనే వకీలునకు వాదము దొరకును. ఆ విభాగమునకు పెద్దయైనవాని పని వ్యాజ్యములు గెలుచుటయే కాదు. గెలువరాని వ్యాజ్యమును వేయవద్దని పై అధికారికి వ్రాయుటయు అతని పనియే. రాబడి లెక్క చూపవలసిన వేళ అట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను.

ఆ మాట పెడచెవిని పెట్టిన నేమగునో కేరళ భూమిపన్ను సంగతి చెప్పుచున్నది. పంట పండినను పండకున్నను ఎకరమునకు 2 రూపాయల చొప్పున వేసిన ఆ పన్నును, సమానత్వమునకు విరుద్ధమని 1960లో సుప్రీం కోర్టు కొట్టివేసినది. రాతినేలను, మాగాణిని ఒక్క కొలతతో కొలువరాదని పావగడ రైతునకు వేఱుగా చెప్పవలెనా? చట్టముయొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగపు 265వ అధికరణము శాసించుచున్నది.

మైసూరులో అమ్మకపు పన్ను చట్టము 1948లోను, మరల 1957లోను వచ్చెను. మన వర్తకులు హిందూపురమునకు సరకు తోలినప్పుడు 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టము అడ్డుపడెడిది. 2017 జులై 1 నుండి వస్తుసేవల పన్ను రాగా, పెక్కు సరకుల విషయమున తయారీ, అమ్మకము అను భేదము పోయి 'సరఫరా' అను ఒక్క మాట మిగిలెను. మాట మాఱినను, ఏది సరఫరా, ఏది కాదు అను తగవు మాత్రము మిగిలియే యున్నది.

కావున మన పిల్లలలో న్యాయశాస్త్రము చదువువారు కోర్టు వాకిలినే గాక, పన్నుల శాఖలలోని న్యాయవిభాగములను గూడ చూడవలెను. కన్నడమున వచ్చిన నోటీసును చదివి, అవ్వకు తెలుగున విప్పి చెప్పగల బిడ్డ మన యింటింట నున్నాడు. ఆ నేర్పే కచేరీ లోపలి బల్లయొద్ద నున్నచో, తప్పు నోటీసు మన వాకిటికి రాకముందే ఆగిపోవును.