మనకు తెలిసింది మనకెట్లా తెలిసింది?

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్ళము. కాని మన సంఘం సభ్యుల ఇండ్లలో ఇప్పుడు తెలుగు చదివే పిల్లలు చాలామంది వున్నారు గనుక, ఈ నాలుగు మాటలు తెలుగులోనే రాస్తున్నాము. తప్పులుంటే మన్నించగలరు.

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలను ముంచెత్తిన వానలు ఎవరూ మరిచిపోలేదు. ఆ రాత్రి ఫోన్లలో "పోచారం కట్ట తెగింది" అని ఒకరు, "లేదు, నిలిచింది" అని మరొకరు. 1922లో పూర్తయిన ఆ పాత కట్ట అంత వరదనూ మోసి నిలిచింది. కాని తెగిందన్న మాటను మేము కూడా ఇద్దరికి పంపినాము. అది విని, మిట్ట మీద క్షేమంగా వున్న మా బంధువు ఒకాయన ముసలి తల్లిని వానలో మోసుకొని వేరే ఇంటికి పోయినాడు. ఆమె వారం రోజులు జ్వరంతో పడి వుంది.

బడి తెరిచినాక ఒక పిల్లవాడు అడిగినాడు: "సర్, మన కళ్ళతో చూడనిది నిజమో కాదో ఎట్లా తెలుస్తది?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఇది వందల ఏండ్ల నాటి ప్రశ్న అని తెలిసింది.

సమర్‌ఖండ్‌కు చెందిన ఇమామ్ ఉమర్ నసఫీ 1142లో కాలం చేసినారు. ఆయన రాసిన చిన్న గ్రంథాన్ని తఫ్తాజానీ వ్యాఖ్యతో హిందుస్తాన్ మదర్సాలలో తరతరాలుగా చదివినారు. మనిషికి జ్ఞానం వచ్చే దారులు మూడు అని అందులో వున్నది. ఒకటి హవాస్, అంటే కన్ను, చెవి మొదలైన ఇంద్రియాలు. రెండు ఖబర్-ఎ-సాదిఖ్, అంటే నిజమైన వార్త. మూడు అఖ్ల్, అంటే బుద్ధి.

మరి కన్ను చూసిందంతా నిజమేనా? 1095లో బాగ్దాద్ నిజామియాలో పెద్ద ఉద్యోగం వదిలి వెళ్ళిపోయిన ఇమామ్ గజాలీకి ఇదే సందేహం వచ్చింది. నక్షత్రం కంటికి దీనారు బిళ్ళంత కనబడుతుంది. లెక్క వేస్తే అది భూమికన్నా పెద్దదని తేలుతుంది. అంటే కన్ను చెప్పినదాన్ని బుద్ధి సరిదిద్దింది. ఆయన ఇంకొక మాట కూడా అన్నారు. దూదికి నిప్పు తగిలితే దూది కాలడం చూస్తాము. నిప్పు తగలడమూ, దూది కాలడమూ కలిసి జరిగినవని మాత్రమే కన్ను చెబుతుంది. నిప్పు వల్లనే కాలింది, కాలక తప్పదు అన్నది మాత్రం కన్ను చూసింది కాదు. కారణాలను కాదంటే జ్ఞానమే లేకుండా పోతుందని కొర్దోవా పండితుడు ఇబ్న్ రుష్ద్ (1126–1198) దీనికి గట్టి జవాబు రాసినారు. గజాలీ తర్వాత ఆరున్నర శతాబ్దాలకు స్కాట్లాండ్‌లో హ్యూమ్ కూడా ఇంచుమించు గజాలీ ప్రశ్ననే వేసినాడు.

ఇది ఒక్క మన పెద్దల సొత్తే అనుకోరాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. జ్ఞానానికి నాలుగు ప్రమాణాలని అందులో వున్నది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు వున్నదని తెలుసుకోవడం అనుమానం. ఇక శబ్దమంటే ఆప్తుని మాట. ఆప్తుడంటే చుట్టం కాదు, వున్నది వున్నట్టు చెప్పేవాడు. మన ఖబర్-ఎ-సాదిఖ్‌కు ఇది ఎంత దగ్గర! అరబ్బీలో ఒకరు, సంస్కృతంలో ఒకరు చెప్పినా, విన్నమాట చెప్పినవాని నిజాయితీ మీదనే నిలుస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆలోచిస్తే మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం విన్నదే. పుట్టినరోజు కూడా అమ్మ చెబితేనే తెలిసింది. అందుకనే మన పూర్వీకులు ఈ తలుపు దగ్గరే గట్టి కాపలా పెట్టినారు. ఇమామ్ బుఖారీ (810–870) వంటివారు ఒక్కొక్క హదీసు ఎవరు ఎవరితో విన్నారో గొలుసు మొత్తం పరీక్షించినారు. నడుమ ఒక్కడు నమ్మదగనివాడైతే దాన్ని పక్కన పెట్టినారు.

మన హైదరాబాద్‌లోనూ ఈ విద్యకు ఒక మంచి కాలం నడిచింది. 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడినవి. ఉర్దూలో పై చదువులు చెప్పడానికి కొత్త మాటలు కావలసి వచ్చినవి. మాటలను ఏ పద్ధతిలో కల్పించాలో వహీదుద్దీన్ సలీం 1921లో ఒక పుస్తకమే రాసినారు. అక్కడ ఫిలాసఫీ బోధించిన మౌల్వీ అబ్దుల్ బారీ నద్వీ బర్క్‌లీ, హ్యూమ్‌ల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చినారు. గజాలీ అడిగినటువంటి ప్రశ్న స్కాట్లాండ్ తిరిగి ఉర్దూలో మన గడపకు వచ్చినట్టయింది. 1948 తర్వాత అక్కడ బోధన ఇంగ్లీషులోకి మారింది. భాష మారవచ్చు. కాని అర్థం కాని మాటను బట్టీ పట్టడం ఏ భాషలోనైనా జ్ఞానం కాదని మేము రోజూ క్లాసులో చూస్తున్నాము.

మరునాడు ఆ పిల్లవానికి ఈ విధంగా చెప్పినాము: "బాబూ, విన్న వెంటనే మూడు అడుగు. చెప్పినవాడు స్వయంగా చూసినాడా? అతడు ఎప్పుడూ నిజం చెప్పేవాడేనా? ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురు అదే మాట చెబుతున్నారా? ప్రాణభయం వుంటే ముందు జాగ్రత్త పడు, అందులో తప్పు లేదు. కాని తేలేదాకా ఆ మాటను ఇంకొకరికి చేరవేయకు."

పిల్లవాడు తల వూపినాడు. తర్వాత నవ్వుతూ, "మీరు పంపే ముందు అడిగినారా సర్?" అన్నాడు. లేదని ఒప్పుకున్నాము. ఆ ముసలితల్లి దగ్గరికి పోయి క్షమాపణ కూడా అడిగి వచ్చినాము. మన ఇండ్లలో ప్రతి వార్తా ఈ జల్లెడ దాటి బయటికి పోవాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.