బడిలో పోలీసు: ఎలా ఎంచుతారు, ఏం నేర్పుతారు?

పోయిన ఆగస్టులో మా వాడిని ఆరో తరగతిలో చేర్చడానికి డల్లాస్ పక్క ఊళ్ళో ఒక మిడిల్ స్కూలుకి వెళ్ళాం. ఆఫీసు తలుపు పక్కన నడుముకి తుపాకీతో ఒక పోలీసాయన నిలబడి, వచ్చే పిల్లల్ని నవ్వుతూ పలకరిస్తున్నాడు. ఖమ్మంలో మా హైస్కూలుకి కాపలా అంటే గంట కొట్టే అటెండరు ఒక్కడే. "ఈయన ఎవరు నాన్నా?" అని మా వాడు అడిగితే "స్కూలు పోలీసు" అన్నాను కానీ, అంతకు మించి నాకూ తెలియదు. మా ఆఫీసులో కొత్త కుర్రాణ్ణి తీసుకోవడానికే నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు చేస్తాం. మరి తుపాకీతో పిల్లల మధ్య తిరిగే మనిషిని ఎలా తీసుకుంటారు? చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను. ఇది టెక్సస్ సంగతి. అమెరికా అంతటికీ కలిపి ఒకే చట్టం లేదు, ఏ రాష్ట్రం దారి దానిదే.

ఇక్కడ బడి పోలీసులు రెండు రకాలు. ఊరి పోలీసు శాఖ నుంచి బడికి వేసేవాళ్ళు మొదటి రకం. వీళ్ళనే స్కూల్ రిసోర్స్ ఆఫీసర్లు అంటారు. డల్లాస్, హ్యూస్టన్ లాంటి పెద్ద స్కూలు డిస్ట్రిక్టులు సొంతంగా పోలీసు శాఖనే నడుపుతాయి, అది రెండో రకం. అంటే మనలో ఓటు ఉన్నవాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోని ఆ స్కూలు బోర్డు ఎన్నికలు ఒక పోలీసు శాఖ పై అధికారుల్ని కూడా ఎన్నుకుంటున్నాయన్న మాట!

ఎంపిక విషయంలో రెండు రకాలకీ రాష్ట్రం పెట్టిన కనీస అర్హతలు మిగతా పోలీసులవే. మామూలుగా 21 ఏళ్ళు నిండాలి, హైస్కూలు చదువు ఉండాలి, వేలిముద్రలతో నేర చరిత్ర చూస్తారు, డ్రగ్స్ పరీక్ష, మానసిక పరీక్ష ఉంటాయి. అకాడమీలో 700 గంటలకు పైగా శిక్షణ. వినడానికి బాగానే ఉంది, కానీ ఇదంతా వీధి పోలీసుకి కావలసిన చదువు. పదకొండేళ్ళ పిల్లవాడు బెంచీ తన్ని అరిస్తే ఏం చెయ్యాలన్నది వేరే విద్య.

బడికి పోలీసుని పంపే ఆలోచన 1950లలో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ ఊళ్ళో మొదలైంది. 1999లో కొలంబైన్ కాల్పుల తర్వాత కేంద్ర ప్రభుత్వ నిధులతో దేశమంతా పాకింది. ఈ ఆఫీసర్ల జాతీయ సంఘం 1991లో పుట్టింది. ప్రాథమిక కోర్సు 40 గంటలు. పోలీసు, పాఠం చెప్పేవాడు, మంచిచెడ్డలు వినే పెద్దమనిషి, ఈ మూడూ ఒకరే కావాలని వాళ్ళ సూత్రం.

టెక్సస్ ఈ ప్రత్యేక శిక్షణను 2015లో చట్టం చేసింది, అదీ 30,000 మందికి పైగా విద్యార్థులున్న డిస్ట్రిక్టులకే. 2019లో అన్నిటికీ వర్తింపజేశారు. పిల్లల మనస్తత్వం, గొడవను మాటలతో చల్లార్చడం, బేడీలూ స్ప్రేల వాడకం తగ్గించడం, వైకల్యం ఉన్న పిల్లల అవసరాలు, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ళతో మెలగడం ఇందులో ఉంటాయి. పాఠ్యాంశాలకి వంక పెట్టలేం. గడువు చూస్తేనే నాకు చివుక్కుమంది. బడిలో చేరిన 180 రోజుల్లోగా పూర్తి చేస్తే చాలట. ఆరు నెలలు! టెస్టింగ్ చెయ్యకుండా కోడ్ ప్రొడక్షన్‌లో పెడితే మా మేనేజరు ఊరుకుంటాడా?

అసలు శిక్షణ ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్నకి యువాల్డే సమాధానం చెప్పింది. 2022 మే 24న అక్కడి రాబ్ ఎలిమెంటరీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ డిస్ట్రిక్టుకి ఆరుగురు ఆఫీసర్లతో సొంత పోలీసు శాఖ ఉంది. అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, బడిలో కాల్పులు జరిగితే ఏం చెయ్యాలన్న దాని మీద అక్కడ శిక్షణ కూడా జరిగింది. అయినా అన్ని శాఖల నుంచి 376 మంది చేరినా, హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత, 2023లో, ప్రతి బడికీ ఆయుధంతో ఒక రక్షకుడు ఉండాలని చట్టం చేశారు. ఆఫీసరు దొరక్కపోయినా, డబ్బు చాలకపోయినా, శిక్షణ పొందిన బడి ఉద్యోగి చేతికే తుపాకీ ఇవ్వవచ్చని వెసులుబాటు కూడా పెట్టారు. అంటే ఇప్పుడు బడిలో తుపాకీ ఉన్న ప్రతివాళ్ళూ పోలీసులు కానక్కరలేదు.

నా మట్టుకు నాకు కాల్పుల భయం కన్నా రోజువారీ వ్యవహారాల గురించే ఎక్కువ బెంగ. మనవాళ్ళు ఎంతోమంది ఉండే అర్వింగ్‌లో 2015లో ఏం జరిగిందో గుర్తుందా? పద్నాలుగేళ్ళ కుర్రాడు ఇంట్లో చేసిన గడియారం టీచరుకి చూపిద్దామని తెస్తే, బాంబులా ఉందని బేడీలు వేసి తీసుకెళ్ళారు. తర్వాత కేసేమీ పెట్టలేదు. వీసా మీద ఉన్న కుటుంబాలకి ఇలాంటివి వింటే గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటుంది. బడిలో మామూలు క్రమశిక్షణ పనులు పోలీసుకి అప్పగించకూడదని 2019లో టెక్సస్ చట్టం చేసింది. క్లాసులో సెల్‌ఫోను తీసినందుకు ఆఫీసర్ని పిలవకూడదన్న మాట.

పోలీసు ప్రశ్నలడిగితే? నార్త్ కరోలినాలో పదమూడేళ్ళ పిల్లవాణ్ణి క్లాసు నుంచి పిలిపించి, ఇంట్లో వాళ్ళకి చెప్పకుండానే ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ కేసులో, కస్టడీలో ఉన్నట్టా కాదా అని తేల్చేటప్పుడు పిల్లల వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. మా వాడికి నేను నేర్పింది ఒకటే: "మర్యాదగా మాట్లాడు, అబద్ధం ఆడకు, మా అమ్మానాన్నల్ని పిలవండి అని అడుగు."

ఊరి పోలీసుని బడిలో పెట్టినప్పుడు పోలీసు శాఖకీ డిస్ట్రిక్టుకీ మధ్య ఒప్పంద పత్రం ఉంటుంది. ఎవరి పని ఏమిటో అందులో రాసుకుంటారు. నేను మా డిస్ట్రిక్టుకి మూడు ప్రశ్నలు రాశాను. ఆ పత్రం చూడవచ్చా, మా బడి ఆఫీసరు పిల్లల శిక్షణ పూర్తి చేశారా, మా అబ్బాయిని ప్రశ్నించాల్సి వస్తే మాకు ఎప్పుడు ఫోన్ చేస్తారు అని. వారంలో పత్రం పంపారు. శిక్షణ అయిందని ఆఫీసరే స్వయంగా ఫోన్ చేసి చెప్పారు, పాపం మంచి మనిషి. మూడో ప్రశ్నకి మాత్రం "సందర్భాన్ని బట్టి" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. ఏ సందర్భాల్లో అని మళ్ళీ రాశాను. ఇంకా చూస్తున్నాను.