వెలివాడ నుంచి ఫ్లైఓవర్ కిందికి: రాయదుర్గంలో నీడలేని వాళ్ల చరిత్ర

రాయదుర్గం చరిత్రను పాలకవర్గాలు ఎట్లా రాసుకున్నాయో మనకు తెలుసు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2007లో శేరిలింగంపల్లి మహానగరంలో కలిసింది. 2019 నవంబర్‌లో రాయదుర్గం దాకా మెట్రో రైలు వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన లేచింది. ఈ చరిత్రలో అద్దాల మేడలున్నాయి, వాటిని కట్టించిన ముఖ్యమంత్రులున్నారు. అయితే ఇసుక మోసినోళ్లు, కంకర కలిపినోళ్లు రాత్రిపూట ఎక్కడ పడుకున్నారు? ఈ ప్రశ్న ఆ చరిత్రలో ఎక్కడా కనిపించదు. ఈ వ్యాసంలో మేము వెతుకుతున్నది దానికి జవాబే.

ఇల్లు లేకపోవడం అనేది కేవలం పేదరికం సమస్య అని మేధావులు చెప్తుంటారు. దళితుల అనుభవం అట్లా లేదు. 1917లో డాక్టర్ అంబేడ్కర్ అమెరికాలో చదువు ముగించుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయన జేబులో డబ్బుంది, చేతిలో కొలువుంది. లేనిది తలదాచుకునే చోటొక్కటే. పార్శీల సత్రంలో మారుపేరుతో దిగితే, పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో హిందువు ఇంట్లోనూ క్రైస్తవుడి ఇంట్లోనూ చోటు దొరకక ఆయన పార్కులో కూచొని రైలు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. అంటే ఈ దేశంలో నీడ అనేది డబ్బుతోనే కాదు, కులంతో కూడా ముడిపడి ఉన్నదన్నమాట. ఊరు వెలివాడను ఊరవతల పెట్టింది. పట్నం వెలివాడకు ఆ అవతల కూడా ఇవ్వలేదు.

ఇగ రాయదుర్గానికి వద్దాం. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం మేడలకు చెమట ధారపోసినోళ్లలో పాలమూరు లేబర్ ముందు వరుసలో ఉంటారు. మాల, మాదిగ, లంబాడ, ముదిరాజ్, బోయ కులాల మనుషులు వీళ్లు. తరాలుగా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, దేశంలో ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి పోయి కట్టలు పోసినోళ్లు. పట్నంలో కట్టడాలు పెరిగినంక కొందరు గుంపు విడిచి అడ్డా మీద నిలబడ్డారు. పొద్దున అడ్డా, పగలు పని, రాత్రి ఫుట్‌పాతో, కడుతున్న బిల్డింగో, ఫ్లైఓవర్ కిందనో. తర్వాతి కాలంలో ఒడిశా, బీహార్, జార్ఖండ్ కూలీలు వాళ్ల పక్కన చేరారు.

చట్టం వీళ్లకు ఏం చేసింది? 1979లో వలస కార్మికుల చట్టం చేసి, కాంట్రాక్టరే వసతి చూపించాలన్నారు. కానీ అది ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయేవాళ్లకే. కల్వకుర్తి నుంచి రాయదుర్గం వచ్చినోళ్లు ఆ చట్టం కంట్లో వలస కూలీలే కారు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. పని నడిచినన్నాళ్లు యజమాని ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని అందులో రాశారు. పని అయిపోతే రేకుల షెడ్డు కూడా లేచిపోతుంది. పూటకో యజమాని దగ్గర పనిచేసే అడ్డా కూలీకైతే ఆ షెడ్డు కూడా లేదు. 2020లో పార్లమెంటు చేసిన కార్మిక కోడ్‌లో ఈ రెండు చట్టాలనూ కలిపేశారు.

వసతి చూపించడానికి చేతకాని ప్రభుత్వానికి, మనుషుల్ని కనబడకుండా చేయడం మాత్రం బాగా చేతనైంది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడు బిచ్చగాళ్లను రోడ్ల మీద నుంచి తరలించారు. 2017 నవంబర్ 28 నుంచి 30 దాకా మాదాపూర్‌లోని హెచ్ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారు. ఆ నెల మొదట్లోనే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ రెండు నెలల పాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. దొరికినోళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకు పంపారు. ఆశ్రమం అని పేరు పెట్టినంత మాత్రాన జైలు గోడ ఇంటి గోడ అవుతుందా? మరుసటి ఏడు, 2018 ఆగస్టులో, ఢిల్లీ హైకోర్టు బిచ్చమెత్తడాన్ని నేరం చేసే నిబంధనలు ఢిల్లీలో చెల్లవని తీర్పు చెప్పింది.

అట్లని ఏ ఆసరా లేదని మేము అనడం లేదు. ఆ ఆసరా ఎట్లా వచ్చిందో చూడాలి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి ఫుట్‌పాత్ వాసుల పక్షాన వాదన విని, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2001లో పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో, ఢిల్లీ చలికి మనుషులు చనిపోతున్నారని కోర్టు కమిషనర్లు రాసిన ఉత్తరంతో 2010లో షెల్టర్ల మీద ఉత్తర్వులు వచ్చాయి. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అదే సూత్రాన్ని పథకంగా మార్చింది. లక్ష జనాభాకు వంద మంది పట్టే ఒక షెల్టరు ఉండాలి, అది ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటుండాలి, పని దొరికే చోటుకు దగ్గరగా ఉండాలి. ఇవీ దాని నియమాలు. 2011 లెక్కల ప్రకారం మహానగరం జనాభా 67 లక్షలు దాటింది. ఆ లెక్కన 67 షెల్టర్లు కావాలి. నగరం దాని దరిదాపులకు ఏనాడూ పోలేదు. ఉన్నవాటిలో కొన్నింటిని ఆస్పత్రుల దగ్గర, రోగుల వెంట వచ్చినోళ్ల కోసం కట్టారు. అవి అవసరమైనవే. 2014లో నిజాం కాలపు నాంపల్లి సరాయి దగ్గర మొదలైన ఐదు రూపాయల భోజనం కూడా ఎందరి కడుపో నింపింది. అన్నం పగటికి సరిపోతుంది, రాత్రికి మాత్రం చోటు కావాలి.

ఆ చోటు రాయదుర్గంలో ఎందుకు దొరకదు? 2025 అక్టోబర్‌లో ప్రభుత్వమే ఇక్కడి భూమిని వేలం వేసి, ఎకరం 177 కోట్లకు అమ్మింది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. ఈ ధరకు షెల్టరు నియమం చెప్పిన 50 చదరపు అడుగుల నేల 20 లక్షల రూపాయలకు పైనే పలుకుతుంది. ఒక కూలీ ఒళ్లు వాల్చే చోటు ధర అది. నేలను సర్కారు తానే సరుకు చేసినంక, పని దగ్గరే షెల్టరు ఉండాలన్న నియమం కాగితం మీదనే ఉంటది.

ఈ మధ్య కాలంలో ఇంకో రకం నీడలేని వాళ్లు కూడా పెరిగారు. క్యాబ్ డ్రైవర్లు. కంపెనీల షిఫ్టుల కోసం, యాప్ బుకింగుల కోసం సీటు వెనక్కి వాల్చి కార్లోనే పడుకునేవాళ్లు. ఊళ్లో ఇల్లుంది, పట్నంలో గది కిరాయి కట్టే స్తోమత లేదు. కారు కిస్తీ కట్టాలంటే కారే ఇల్లు కావాలి. 2021లో వచ్చిన దళితబంధు పది లక్షలతో చాలామంది దళిత యువకులు బండ్లే కొన్నారు. సర్కారు బండి ఇచ్చింది, ఆ బండి నడిపేవాడు ఎక్కడ నిద్రపోతాడని అడగలేదు. అమెరికాలో శాంటా బార్బరా అనే ఊళ్లో 2004 నుంచి, వాహనాల్లో బతికేవాళ్ల కోసం రాత్రిపూట పార్కింగ్ స్థలాలు తెరిచి ఉంచుతున్నారు. వేల కార్లకు పార్కింగ్ కట్టుకున్న ఐటీ కారిడార్‌లో డ్రైవర్‌కు మరుగుదొడ్డి, స్నానాల గది, నాలుగు గంటల నిద్ర ఇవ్వడం అసాధ్యమా?

2020 లాక్‌డౌన్ ఈ వాస్తవాన్ని దేశం ముందు పెట్టింది. మే 1న మొదటి శ్రామిక రైలు బయలుదేరింది లింగంపల్లి నుంచే. దాదాపు పన్నెండు వందల మందితో హతియాకు పోయింది. సైబరాబాద్‌ను కట్టినోళ్లకు సైబరాబాద్‌లో నెలన్నర ఉండటానికి చోటు లేకపోయింది.

చివరగా లెక్కల సంగతి. 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కరోజు తిరిగి, దేశంలో ఇల్లులేని వాళ్లు 17.7 లక్షలని జనగణన తేల్చింది. అదే ఏడు మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణనలో కులం వివరాలు బయటపెట్టలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు ఇల్లే కొలమానం. లెక్కలో పడటానికి పాలమూరు జనం బస్సులు పట్టుకొని ఊళ్లకు పోయారు. పట్నంలో వాళ్లు పడుకున్న చోటు ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

లెక్క లేకపోతే హక్కు అడగలేం. అందుకే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మా విన్నపం ఒకటే. రాత్రిపూట రాయదుర్గం రోడ్ల మీదికి పోదాం. ఎవరు పడుకున్నారో, ఏ ఊరినుంచి వచ్చారో, ఏ కులమో, ఏ మేడ కట్టారో వాళ్ల నోటనే విని రాసుకుందాం. వేలంలో వచ్చిన సొమ్ములోంచి అదే రాయదుర్గంలో షెల్టరుకు నేల అడుగుదాం. అది దయ కాదు, ఈ నగరం వాళ్లకు పడిన బాకీ.