గుర్రపుబండ్ల కొట్టంలో అమరావతి

తొమ్మిదో తరగతి గదిలో ప్యానెల్ తెర మీద ఓ రాతిపలక ఫొటో. టీచరు రెండు వేళ్ళతో సాగదీసేసరికి చెట్టు ఆకులు కంటి ముందుకొచ్చాయి. చెట్టు కింద ఆసనం ఖాళీ. "బుద్ధుడేడి మేడమ్?" అన్నాడో కుర్రాడు.

అది పలనాటి సున్నపురాయి. ఉన్నది మాత్రం లండన్‌లో. ఈ తెర మీదికి రావడానికి దానికి రెండు వందల ఏళ్ళ పైనే పట్టింది.

జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టుకుంటూ రాళ్ళ కోసం దీపాలదిన్నె అనే దిబ్బ తవ్విస్తే, మహాస్తూపం తాలూకు బొమ్మలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. కబురు తెలిసి 1798లో మెకంజీ వచ్చాడు, మన ఊళ్ళ చరిత్రలు, అంటే కైఫీయతులు, సేకరించిన మెకంజీయే. చూసి వెళ్ళి, చిత్రకారులతో తిరిగొచ్చేసరికి 1816. ఈలోగా దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. ఎన్నో పలకలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. మిగిలినవాటిని ఆయన మనుషులు కొలతలతో సహా కాగితానికెక్కించారు. వాటిలో కొన్ని రాళ్ళకు ఇప్పుడు ఆ కాగితమే దిక్కు.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించి పలకల్ని మద్రాసు చేర్చాడు. అక్కడవి ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1858లో ట్రైప్ అనే సైనికాధికారి వాటికి ఫొటోలు తీశాడు. మరుసటేడు లండన్‌కు ఓడెక్కించారు. అక్కడైనా గౌరవం దక్కిందా? ఫైఫ్ హౌస్ అనే భవనంలో, గుర్రపుబండ్ల కొట్టంలో కుప్ప పోశారు.

1867లో పారిస్ ప్రదర్శన కోసం భారతీయ కట్టడాల ఫొటోలు వెతుకుతున్న జేమ్స్ ఫెర్గూసన్ చేతికి ట్రైప్ ఫొటోలు తగిలాయి. ఈ రాళ్ళెక్కడున్నాయని ఆరా తీస్తే ఆయనున్న లండన్‌లోనే ఉన్నాయి! కానీ అంత బరువైనవాటిని అటూ ఇటూ జరిపి అతికించి చూడటం ఎవరి తరం? గ్రిగ్స్ అనే ఫొటోగ్రాఫరు ఒక్కో ముక్కనూ ఒకే కొలతకు ఫొటో తీశాడు. ఫెర్గూసన్ ఆ కాగితాలు పరుచుకుని, అంచుకు అంచు కుదురుతుందో లేదో చూసుకుంటూ జత చేశాడు. రాయి కదలకుండానే స్తూపం ప్రాకారం చాలామేరకు లేచి నిలబడింది. నన్నడిగితే, ఇవాళ ప్యానెల్ మీద జరిగే పాఠం అక్కడే పుట్టింది.

1880లో ఆ రాళ్ళు బ్రిటిష్ మ్యూజియానివయ్యాయి. ఆ అంకె తెర మీది పలక నంబరులో ఇప్పటికీ ఉంది: 1880,0709.79. మ్యూజియం తన ఆన్‌లైన్ సేకరణను కొత్తగా తీర్చిదిద్ది 2020లో మరికొన్నాళ్ళకు తెరుద్దామనుకుంది. లాక్‌డౌన్ వచ్చిపడటంతో ఏప్రిల్‌లోనే తెరిచేసింది. 19 లక్షల ఫొటోలు ఇంట్లో కూర్చున్నవాళ్ళకు అందాయి.

"తొలిరోజుల శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. చెట్టూ ఆసనమూ చూపిస్తే చాలు, జనానికి తెలిసిపోయేది" అంటూ టీచరు పక్క ఫొటో తెరిచింది. అదే పలక రెండో వైపు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఎవరో దాన్ని తిరగేసి మళ్ళీ చెక్కారు. ఈసారి మహాస్తూపమే, గుమ్మంలో సింహాలతో సహా.

వెనక బెంచీలో ఓ పిల్ల లేచింది. "మా అమ్మమ్మతో అమరావతి వెళ్ళాను మేడమ్. అక్కడ ఇది లేదు, దిబ్బే ఉంది."