యుద్ధకాల పౌరసేవా బిళ్ళల గుర్తింపు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో కాలనిర్ణయ సమస్య

వ్యాస సంగ్రహం:
హైదరాబాదు రాజ్యంలో హిజ్రీ, ఫసలీ శకాలు రెండూ వాడుకలో ఉండేవి. అందువల్ల లోహపు బిళ్ళపై ఉన్న సంవత్సర సంఖ్యను ఏ శకంలో చదివామన్నదాన్ని బట్టి అది యుద్ధానికి ముందుదో, యుద్ధకాలానిదో, 1948 తరువాతిదో అవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పాలనా చరిత్ర ఆధారంగా ఇటువంటి బిళ్ళలను గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పౌరసేవా బిళ్ళ, సంస్థానం, ఫసలీ, హిజ్రీ, రెండవ ప్రపంచ యుద్ధం.

1. ఉపోద్ఘాతం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలకు లభించిన శ్రద్ధ ఆధునిక కాలపు చిన్న లోహ వస్తువులకు లభించలేదు. పాత పెట్టెల్లో, వ్యక్తిగత సేకరణల్లో కనిపించే ఇత్తడి బిళ్ళలకు రాతపూర్వకమైన తోడు ఆధారం ఉండడం అరుదు. అప్పుడు వాటికి తగిలించిన పేరే చరిత్రగా స్థిరపడుతుంది. కచేరీ బంట్రోతు బిళ్ళను యుద్ధ స్వచ్ఛంద సేవకుడి చిహ్నమంటే లేని సేవ చరిత్రకెక్కుతుంది. ఉర్దూ అక్షరాలున్నంత మాత్రాన దాన్ని రజాకారు బిళ్ళ అంటే ఒక సామాన్యోద్యోగి వారసులపై అకారణమైన నింద పడుతుంది. కనుక గుర్తింపు అన్నది సేకరణకర్తల అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

2. మూడు ప్రాంతాల పాలనా నేపథ్యం

నేడు మూడూ జిల్లా కేంద్రాలే. 2016 అక్టోబరు 11న ఈ జిల్లాలు ఏర్పడ్డాయి. యుద్ధకాలంలో మాత్రం వీటి స్థితిగతులు వేరు. గద్వాల, వనపర్తి నిజాముకు లోబడిన సంస్థానాలు. ఆ కాలంలో గద్వాల సంస్థానాధీశురాలు రాణి ఆదిలక్ష్మీదేవమ్మ. నాగర్‌కర్నూలు దివానీ తాలూకా కేంద్రం. గద్వాల, అలంపురం ప్రాంతాలు 1956 వరకు రాయచూరు జిల్లా పరిధిలో ఉండేవి. కనుక గద్వాలలో దొరికిన బిళ్ళపై రాయచూరు పేరుంటే అది పరాయి వస్తువని తోసిపుచ్చరాదు. తుంగభద్రకు ఆవల ఉన్న కర్నూలు మద్రాసు రాజధానిలో భాగం. నదికి ఇరువైపులా రాకపోకలు ఉన్నందున బ్రిటిషిండియా చిహ్నాలు కూడా ఈ ప్రాంతానికి చేరే వీలుంది.

ఈ తేడా కారణంగా మొదట అడగవలసిన ప్రశ్న బిళ్ళను జారీ చేసిన అధికారం ఎవరిదన్నది. సంస్థానమా, నిజాము ప్రభుత్వమా, రైల్వేయా, బ్రిటిషిండియా ప్రభుత్వమా అన్నది తేలిన తరువాతే కాలం గురించి ఆలోచించాలి.

3. యుద్ధ చిహ్నాలుగా పొరబడే వస్తువులు

‘బిళ్ళ బంట్రోతు’ అన్న మాట తెలుగులో స్థిరపడడమే ఈ వస్తువు ఎంత సాధారణమో తెలుపుతుంది. కచేరీ జవాను డవాలుపై ధరించే ఇత్తడి బిళ్ళ మీద శాఖ పేరు, వరుస సంఖ్య ఉండేవి. ఇది నిత్య పాలనా చిహ్నం. వరుస సంఖ్య కనిపించగానే సైనిక సంఖ్యగా భావించడం సరికాదు.

రైల్వే బిళ్ళలది మరొక వర్గం. గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్ల మీదుగా కర్నూలు వైపు సాగే మార్గం నిజాము రైల్వేది. 1930లో ఆ రైల్వేను రాజ్యం స్వాధీనం చేసుకున్నాక ‘గ్యారంటీడ్’ అన్న మాట పేరులోనుంచి తొలగింది. కాబట్టి ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ అక్షరాలున్న బిళ్ళ తయారీ 1930కి ముందుదనీ, ‘ఎన్.ఎస్.ఆర్.’ ఉన్నది ఆ తరువాతిదనీ భావించవచ్చు.

మూడవది మొదటి ప్రపంచ యుద్ధపు వెండి బిళ్ళ. గాయం వల్లో అనారోగ్యం వల్లో సేవ నుంచి విడుదలైన వారికి దీన్ని 1916 సెప్టెంబరు నుంచి ఇచ్చారు. ‘ఫర్ కింగ్ అండ్ ఎంపైర్, సర్వీసెస్ రెండర్డ్’ అన్న రాత ముందువైపు, సంఖ్య వెనుకవైపు ఉంటాయి. సాధారణ దుస్తులపై ధరించడానికి ఉద్దేశించినదైనా ఇది పౌరసేవా చిహ్నం కాదు.

అసలైన పౌరసేవా చిహ్నాలలో ప్రసిద్ధమైనది ‘ఎ.ఆర్.పి.’ బిళ్ళ. వైమానిక దాడుల నుంచి ప్రజలను కాపాడే స్వచ్ఛంద సేవకులకు బ్రిటన్‌లో 1936 నుంచి ఇచ్చిన ఈ బిళ్ళకు రూపకర్త ఎరిక్ గిల్. వెండివాటిపై ఉండే హాల్‌మార్క్ అక్షరం సంవత్సరాన్ని తెలుపుతుంది. భారతదేశంలో 1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిని విస్తరించినప్పుడు పౌర రక్షణ శాఖను ఇ. రాఘవేంద్రరావుకు అప్పగించారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేయడంతో ఆ ముప్పు తెలుగునాట ప్రత్యక్షమైంది.

4. హిజ్రీయా, ఫసలీయా?

నిజాము నాణేలపై హిజ్రీ సంవత్సరం ఉంటుంది. రెవెన్యూ, పరిపాలనా పత్రాల్లో ఫసలీ వాడుక. హైదరాబాదు ఫసలీ అక్టోబరు తొలివారంలో ఆజూరు మాసంతో మొదలయ్యేది. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది. అంటే ఒకే ఫసలీ సంఖ్య నదికి రెండు వైపులా సుమారు మూడు నెలల తేడాతో నడిచింది.

1939 సెప్టెంబరు నుంచి 1945 సెప్టెంబరు వరకు సాగిన యుద్ధం హిజ్రీలో 1358–1364, హైదరాబాదు ఫసలీలో 1348–1354 సంవత్సరాలలో పడుతుంది. ఈ రెండు శ్రేణులు ఎక్కడా కలవవు. దీన్నుంచి మూడు ఫలితాలు వస్తాయి.

మొదటిది, 1348–1354 మధ్య సంఖ్య ఫసలీ అయితేనే యుద్ధకాలానిది. హిజ్రీ అయితే అది 1929–1936 నాటిది. రెండవది, 1358–1364 మధ్య సంఖ్య హిజ్రీ అయితేనే యుద్ధకాలానిది. ఇందుకు 1358 చక్కని ఉదాహరణ. హిజ్రీ 1358 ఫిబ్రవరి 1939లో మొదలై యుద్ధారంభాన్ని తనలో కలుపుకుంటుంది. ఫసలీ 1358 మాత్రం పోలీసు చర్య తరువాతి సంవత్సరం. జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది ఆ ఫసలీలోనే, 1949 ఆగస్టులో. మూడవది, 1355–1357 సంఖ్యలు ఏ శకంలో చదివినా యుద్ధకాలానికి చెందవు. హిజ్రీ 1355లో, అంటే 1937 ఫిబ్రవరిలో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవం జరిగింది. ఆ సంఖ్య ఉన్న వస్తువు ఉత్సవ జ్ఞాపిక కావచ్చు. ఫసలీగా చదివితే ఇవి 1945 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు వరకు గల కల్లోల సంవత్సరాలు.

ఉర్దూ అంకెలను చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ఏడు, ఎనిమిది అంకెలు ఒకదానికొకటి తలకిందులైన రూపాలు. అరిగిపోయిన బిళ్ళపై ఈ అంకెలను తారుమారుగా చదివే ప్రమాదం ఉంది. ముందు అక్షరాల దిశ నిర్ధారించుకొని, తరువాతే అంకెలు చదవాలి.

5. ఇతర ఆధారాలు

శకాన్ని నిర్ణయించడానికి చిహ్నాలు తోడ్పడతాయి. నిజాము దస్తారు ఉంటే హైదరాబాదు రాజ్యం. బ్రిటిషు కిరీటం, ‘జి’ అక్షరంతో కూడిన రాజముద్ర ఉంటే బ్రిటిషిండియా. నాలుగు సింహాల ముద్ర ఉంటే 1950 జనవరి 26 తరువాతి కాలం. వెనుక కొక్కేలుంటే పటకాకు, సూది ఉంటే చీరకో చొక్కాకో, గుండీ కన్నంలో ఇమిడే బిగింపు ఉంటే కోటుకు తగిలించినదని ఊహించవచ్చు. బర్మింగ్‌హామ్‌కు చెందిన జె.ఆర్. గాంట్ వంటి తయారీదారుల పేర్లూ కొన్నింటిపై కనిపిస్తాయి. అయితే ఇవేవీ ఒంటరిగా నిర్ణాయకాలు కావు. ముఖ్యంగా భాష ఆధారంతో సంస్థను నిర్ణయించరాదు. ఉర్దూ నాటి పాలనా భాష కనుక బంట్రోతు బిళ్ళపైనా, ఇతర సేవకుల బిళ్ళపైనా అదే లిపి ఉండడం సహజం.

6. ముగింపు

జారీ చేసిన అధికారం, లిపి దిశ, సంవత్సర శకం, రాజముద్ర, తగిలింపు విధానం అన్న క్రమంలో పరిశీలిస్తే తప్పుడు గుర్తింపులు చాలావరకు తొలగిపోతాయి. సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చి నమోదు చేసేటప్పుడు మూలంలోని సంఖ్యనూ, ఏ శకంగా చదివారో, ఎందుకలా చదివారో కూడా రాయాలి. శకం తేలనిచోట రెండు తేదీలనూ చూపాలి. అప్పుడు తరువాతి పరిశోధకుడు వస్తువును మళ్ళీ చూడకుండానే నిర్ణయాన్ని పరీక్షించగలడు. సంస్థానాల దఫ్తరాలు, రెవెన్యూ జీతాల పట్టీలతో బిళ్ళల సంఖ్యలను పోల్చడం ఈ దిశలో తదుపరి కర్తవ్యం. ఆ పోలిక జరిగిననాడు పేరు లేని బిళ్ళ వెనుక ఉన్న చిన్న ఉద్యోగి చరిత్రలో తన చోటు తాను పొందుతాడు.