ప్రాకారబంధం ఎవరి ఖర్చు?

మొన్న కార్తీక పున్నమికి దీపాలు వదిలి రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు మళ్లీ అదే తగవు లేచింది. మన అలంపూర్ శాసనంలో ‘ప్రాకారబంధం’ అన్న మాట ఉంది కదా, అదేమిటని. ఒకాయన కోటగోడ అన్నాడు. ఇంకొకాయన గుడి ఆవరణ గోడ, అంతకు మించి ఏమీ లేదన్నాడు. నేను నలభై ఏళ్లుగా చెబుతున్నదే చెప్పాను: అది ఏటికి వేసిన కట్ట.

శాసనం 713 నాటిది. బాదామి చాళుక్యరాజు విజయాదిత్యుడి ఆనతి మీద ఈశానాచార్యుడు ప్రాకారబంధం కట్టించాడని అందులో ఉంది. మన గుడుల గురించి రాసినవాళ్లలో చాలామంది శిఖరాలు లెక్కపెట్టారు, ద్వారబంధాల మీది శిల్పాలు వర్ణించారు, గోడను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. గడియారం రామకృష్ణశర్మగారిలా ఈ ఊళ్లోనే ఉండి ఈ రాళ్లను కాపాడుకున్నవాళ్ల మాట వేరు. మిగతావాళ్లు ఎండాకాలం వచ్చి చూసిపోయినవాళ్లు. తుంగభద్ర నిండుగా పారేటప్పుడు వాళ్లు మన రేవులో నిలబడలేదు.

‘బంధం’ అంటే కట్ట అని కూడా అర్థం. సేతుబంధంలో ఉన్నదీ అదే. నవబ్రహ్మ ఆలయాలు ఏటి ఒడ్డునే ఉన్నాయి. 2009 అక్టోబరు వరదలో ఊరు మునిగిన రాత్రి మిద్దెలెక్కి గడిపినవాళ్లెవరూ ఆ గోడ అలంకారం కోసం కట్టారని అనరు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి ఇక్కడికి తరలించాల్సి వచ్చింది. పాపనాశి గుడులను రాయి రాయిగా విప్పి తెచ్చారు. ఊరికి మళ్లీ రక్షణ కట్ట వేశారు. ఈశానాచార్యుడికి తెలిసిన సంగతే మన ఇంజనీర్లకూ తెలిసింది.

ఈ వాదన పట్టుకుని నేను వేలాడటానికి ఇంకో కారణం ఉంది. ఆ శాసనం ఒక లెక్క. ఆనతి ఎవరిది, చేయించిందెవరు అన్నది రాతి మీద ఉంది. మరి ఈ కాలంలో ఏటికి జరిగిన చెరుపు ఎవరి లెక్కలో ఉంది?

చిన్నప్పుడు చలికాలం పొద్దున రేవులో దిగితే మెట్ల అంచున పసుపుపచ్చ నురగ పేరుకుని ఉండేది. చెంబుతో తోసినా మళ్లీ వచ్చి మెట్టుకు అంటుకునేది. పుట్టి వేసే బెస్త తాత వల విదిలించి నా ముక్కు దగ్గర పెట్టి, “వాసన చూడు బిడ్డా, ఇది చేప వాసనేనా?” అన్నాడు. ఉడకబెట్టిన గడ్డి కుళ్లినట్టు ఉంది. ఎగువన ఎవరి గొట్టంలోంచి వచ్చిందో నిరూపించే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు.

కాగితపు గుజ్జు సంగతి తెలిసినవాళ్లకు ఆ రంగు, ఆ వాసన కొత్త కాదు. కర్రను సోడాతో ఉడికిస్తే నార విడిపోతుంది, మిగిలిన లిగ్నిన్ నల్లటి ద్రావణంలో కలుస్తుంది. మిల్లువాళ్లు దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. రికవరీ బాయిలర్ ఉన్న మిల్లు దాన్ని చిక్కబరచి మండిస్తే ఆవిరీ వస్తుంది, సోడా కూడా తిరిగి చేతికొస్తుంది. ఆ బాయిలర్‌కు పెట్టుబడి పెద్దది. పెట్టలేనివాళ్లు, పెట్టనివాళ్లు ఆ నలుపును ఏటికి వదిలారు. మిల్లు లెక్కల్లో అది మిగులు. బెస్తల ఇళ్లలో అదే నష్టం.

తుంగభద్ర మీద దీని గురించి మొదట గట్టిగా నిలదీసింది కర్ణాటకవాళ్లు. హరిహర్ ఎదుట కుమారపట్నంలో 1972లో మొదలైన హరిహర్ పాలీఫైబర్స్ నీలగిరి కర్రతో రేయాన్ గుజ్జు చేసేది. చేపలు చచ్చి తేలుతున్నాయని ఒడ్డు ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. ఎస్.ఆర్. హిరేమఠ్ నడిపిన సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ వాళ్ల వెంట నిలబడింది. ఆ మిల్లు, ప్రభుత్వం కలిసి 1984లో పెట్టిన కర్ణాటక పల్ప్‌వుడ్ సంస్థకు సుమారు 30 వేల హెక్టార్ల భూమి నీలగిరికి ఇవ్వబోతే, 1987 నవంబరు 14న కుస్నూరులో జనం నీలగిరి మొక్కలు పీకి పనికొచ్చే చెట్లు నాటారు. 1991లో ఆ సంస్థ మూతపడింది.

ఆ గుజ్జునీళ్లు అలాగే వచ్చి అలంపూర్ రేవును తాకాయని నేను అనను. నడుమ హోస్పేట డ్యాం ఉంది, సుంకేసుల ఉంది. “పారే ఏరు తనను తానే కడుక్కుంటుంది” అనేవాళ్ల మాటలో సగం నిజమే. కుళ్లే పదార్థాన్ని నీటిలోని ఆక్సిజన్ కొంత దూరంలో హరిస్తుంది. రంగు తెచ్చే లిగ్నిన్, క్లోరిన్‌తో తెల్లబరిచినప్పుడు పుట్టే ఆర్గానోక్లోరిన్లు అంత తేలిగ్గా పోవు. అందుకే 2003లో కేంద్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందపత్రంలో పెద్ద మిల్లులు టన్ను కాగితానికి ఏఓఎక్స్‌ను, అంటే ఈ ఆర్గానోక్లోరిన్ల కొలతను, మొదట 1.5 కిలోలకు, తర్వాత ఒక కిలోకు తగ్గించాలన్నారు.

చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు తోళ్ల కేసులోనూ, బిచ్ఛ్రీ కేసులోనూ తేల్చింది. కంపెనీ ఆ బాకీని పద్దుల్లో చూపాలంటే ముందు అది చెల్లించాల్సి వస్తుందని తేలాలి, ఎంతో అంచనాకు అందాలి. అంతవరకు అది కంటింజెంట్ లయబిలిటీ పేరుతో వార్షిక నివేదిక చివర చిన్న అక్షరాల్లో పడి ఉంటుంది, ఒక్కోసారి అక్కడా ఉండదు. మిల్లు మూతపడితే మరీ కష్టం. 2016 దివాలా చట్టంలో ఎవరి తర్వాత ఎవరికి చెల్లించాలో వరుస రాశారు. బ్యాంకులున్నాయి, కార్మికులున్నారు, సర్కారుంది, ఏరు లేదు. మన రాష్ట్రంలోనే సిర్పూర్ కాగితపు మిల్లు 2014లో ఆగి 2018లో కొత్త యజమాని చేతికి వచ్చింది. ఉద్యోగాలు తిరిగొచ్చాయని అందరం సంతోషించాం, సంతోషించాల్సిందే. అలాంటి ప్రతి చేతిమార్పిడిలోనూ పక్కన పారే వాగు బాకీ ఎంతని అడిగే కుర్చీ ఒకటి ఉండాలని నా పట్టుదల.

తుంగభద్ర పుష్కరాలు మళ్లీ 2032లో. అప్పటికి కొత్త మెట్లు, కొత్త దీపస్తంభాలు ఎలాగూ వస్తాయి. వాటితోపాటు రేవు దగ్గర ఒక రాతి పలక పెట్టించమని మన ఊరి పెద్దలను అడుగుతున్నాను. ప్రతి నెలా నీటి పరీక్ష ఫలితం, ఎగువ మిల్లుల పేర్లు, శుద్ధికి ఎవరెంత ఖర్చుపెట్టారన్న లెక్క అందులో తెలుగులో ఉండాలి.