దేహరక్షణమున రెండు మతములు



నా భుజముపై చిన్ననాటి టీకామచ్చ నేటికిని గలదు. దానిని వేయించిననాడు మా నాయనమ్మ, “అమ్మవారు ఒకసారి పోసిన ఒంటికి మళ్ళీ పోయదురా” అనెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికము భూమిపై నశించినదని ప్రకటించెను. కాని యామె మాటలోని ప్రశ్న నన్ను విడువలేదు. ఒకసారి వచ్చిన వ్యాధి మరల నేల రాదు? ఐరోపా విద్వాంసులు దేహరక్షణమును గూర్చి యిరువదేండ్లకు పైగా వాదించిరి. ఆ చరిత్రను మనవి చేసెదను.

ఒడెస్సా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడుగా నుండిన మెచ్నికోవ్, 1882లో ఆ పదవిని వదలి సిసిలీ ద్వీపమందలి మెస్సీనా చేరెను. అచ్చట నక్షత్రమత్స్యముల పిల్లల పారదర్శక దేహములలో గులాబిముళ్లు గ్రుచ్చి యొక రాత్రి వేచెను. తెల్లవారునప్పటికి సంచారకణములు ముల్లు చుట్టును మూగియుండెను. లోనికి జొచ్చిన శత్రువును ఈ కణములే మ్రింగునని యాయన తలంచెను. వియన్నా విశ్వవిద్యాలయాచార్యుడగు క్లౌస్, వీనికి ‘భక్షకకణము’ లను నర్థముగల గ్రీకుపేరును సూచించెను.

ప్రతిపక్షము బెర్లినులో బయలుదేరెను. 1890లో బేరింగు, కిటసాటో యనువారు ధనుర్వాతమునకు లొంగని కుందేటి రక్తరసమును ఎలుకల కెక్కించి, వానిని ఆ వ్యాధినుండి కాపాడిరి. ఆ రసమున కణములు లేవు. కణమే లేనిచో భక్షణ మెక్కడిది? కావున రక్షకశక్తి రసమునందే కలదని యా పక్షమువారి సిద్ధాంతము.

ఇరుపక్షముల ప్రయోగములును సత్యములే. మరి సమన్వయ మెట్లు? 1903లో లండనున రైటు, డగ్లసు అనువారు తెల్లకణములను రక్తరసమునుండి వేరుచేసి, కడిగి, సూక్ష్మజీవుల నిచ్చి చూచిరి. అవి మిక్కిలి కొలదిగా మాత్రమే మ్రింగెను. రసమును చేర్చినంతనే విరివిగా మ్రింగెను. రసములోని పదార్థము సూక్ష్మజీవి నంటి, దానిని భోజ్యముగా సిద్ధము చేయునన్నమాట. భోజనమును సమకూర్చుట యను నర్థముగల గ్రీకుపదమునుండి దానికి ‘ఆప్సొనిన్’ అని పేరిడిరి. వ్యంజనము లేనిదే ముద్ద దిగదని మన మెరుగమా?

1908లో నోబెల్ బహుమానమును భక్షకవాదియగు మెచ్నికోవునకును, రసపక్షపాతియగు ఎర్లికునకును కలిపి యిచ్చిరి. తొలిసారి చూచిన శత్రువును జ్ఞప్తియం దుంచుకొను కణములు కలవనియు, రసములోని ప్రతిరక్షకములును కణములనుండియే పుట్టుననియు తరువాతి పరిశోధకులు కనుగొనిరి. మా నాయనమ్మ మాటకు సమాధానము ఆ జ్ఞాపకమే.

నేను ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని. నాకు దెలిసినదానికి భిన్నముగా నున్నవని యెందరి సమాధానములనో యెర్రసిరాతో కొట్టివైచితిని. ఈ చరిత్ర చదివినపిమ్మట, వానిలో నెన్ని సత్యమున కర్ధభాగములో యని నొచ్చుకొనుచున్నాను. నేడు బడిలో నున్న ఉపాధ్యాయులైనను ఒక క్షణమాగి కలము నెత్తుదురు గాక!